విక్లో కొండల్లో చెప్పని మాట

ఉద్యోగం పోయిందని మా ఆవిడకు చెప్పకుండానే ఐర్లండ్ విమానం ఎక్కాను.

పోయి అప్పటికి ఐదు వారాలు. ఇంటినుంచే పని కాబట్టి దాచడం పెద్ద కష్టం కాలేదు. మేము వలసొచ్చి స్థిరపడ్డ మిల్టన్‌లో, మా టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో ఒక మూల నా ఆఫీసు. పదహారేళ్లు పనిచేయించుకున్న కంపెనీ ఒక సోమవారం పొద్దున్నే వీడియో కాల్‌లో పది నిమిషాల్లో పంపించేసింది. కాల్ అయ్యాక ల్యాప్‌టాప్ పనిచేయడం మానేసింది. నేను మానలేదు. రోజూ తొమ్మిదింటికి కాఫీ పట్టుకుని కిందికి దిగేవాణ్ణి, ఐదింటికి పైకి వచ్చేవాణ్ణి. ఆ మధ్యంతా నల్లటి స్క్రీన్ ముందు కూర్చునేవాణ్ణి. బాధేమీ తెలియలేదు. పళ్ల డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక బుగ్గ మనదే అయినా మనది కానట్టుంటుందే, ఒళ్లంతా అలా ఉండేది. చెబుదామని రోజూ అనుకునేవాణ్ణి. సిగ్గేసేది. మా ఊళ్లో కొత్తగా దిగిన మనవాళ్లందరికీ ఉద్యోగాల గురించి సలహాలిచ్చే పెద్దమనిషిని నేనే మరి.

ఐర్లండ్‌లో ఈ నడక యాత్ర చలికాలంలోనే బుక్ చేసింది మా ఆవిడ. పెళ్లయి పాతికేళ్లవుతోందని. డబ్లిన్ శివార్లలో మొదలుపెట్టి విక్లో కొండల మీదుగా దక్షిణానికి ఆరు రోజులు నడవాలి. పెట్టెలు వ్యాన్‌లో ముందే తర్వాతి ఊరికి వెళ్లిపోతాయి. మనం వీపున నీళ్లసీసా, రెయిన్‌కోటు వేసుకుని సాయంత్రానికి వాటిని చేరుకోవాలి. "తిరుపతి మెట్లెక్కినవాళ్లం, ఇదెంతండీ" అంది. ఎక్కి కూడా పాతికేళ్లయిందని నేను గుర్తుచేయలేదు.

బయల్దేరిన రోజు ఎయిర్‌పోర్టు దారిలో ఒక షాపుల ప్లాజా దగ్గర కారు ఆపించింది. వెనక సీట్లోంచి అట్టపెట్టె తీసుకుంటూ, "రిటర్న్ పార్సెలండీ, రెండు నిమిషాలు" అంది. మా ఇంట్లో వారానికో రిటర్న్ మామూలే. ఏ చెప్పులో సరిపోలేదు కాబోలనుకుని ఇంజన్ కూడా ఆపకుండా కూర్చున్నాను.

ఆ కొండల్లో దారి తప్పకుండా మలుపు మలుపుకీ ఒక గుంజ ఉంటుంది. దాని మీద వీపున సంచితో పసుపు రంగు మనిషి బొమ్మ, పక్కనే బాణం. ఎటు చూపిస్తే అటు నడవడమే. నాకా ఏర్పాటు బాగుంది, ఏమీ ఆలోచించనక్కర్లేదు. ఊబినేల మీద రైలు పట్టాల కింద వేసే చెక్కదిమ్మలు పరిచారు. వాటి మీద తలొంచుకుని గంటలకొద్దీ నడిచాం. వాన వచ్చేది, ఆగేది, మళ్లీ వచ్చేది. వానలోనే ఎదురైన వాళ్లు "లవ్లీ డే" అని పలకరించి పోయేవారు. ఏ మందవో గుర్తుకోసం గొర్రెల వీపుల మీద నీలం, ఎరుపు రంగులు పూసి ఉండేవి. "హోళీ ఆడొచ్చాయండీ" అని తనే నవ్వుకుంది. ఫోటోలన్నిట్లో నేనూ నవ్వుతూనే ఉన్నాను. ఎప్పుడు నవ్వానో గుర్తులేదు.

రెండో రోజు మధ్యాహ్నం ఒక రాతిగోడ మీద కూర్చుని బ్రెడ్డు ముక్కల మధ్య వెన్న, కందిపొడి పెట్టుకుని తింటున్నాం.

"ఈసారి ఆఫీసు మెయిల్స్ చూసుకోవట్లేదేంటి?" అంది.

"లీవులో ఉన్నాగా."

"ఊఁ" అంది.

నాలుగో రోజు మళ్లీ కదిపింది. "ఏమైనా చెప్పేదుంటే ఇక్కడే చెప్పెయ్యండి. గొర్రెలు తప్ప వినేవాళ్లెవరూ లేరు."

"కాళ్లు లాగుతున్నాయి" అన్నాను.

ఐదో రోజు సాయంత్రం బసకు చేరి బూట్లు విప్పితే, మడమ మీద బొబ్బ పగిలి సాక్సు ఎర్రగా తడిసి ఉంది. చూసేదాకా నొప్పే తెలియలేదు. తను స్నానానికి వెళ్లింది. ప్లాస్టర్ కోసం తన జిప్‌లాక్ కవరు తెరిచాను. ప్రయాణాల్లో ముఖ్యమైనవన్నీ అందులోనే పెడుతుంది: పాస్‌పోర్టులు, మాత్రలు, కుంకుమ పొట్లం. వాటి మధ్య ఒక కొరియర్ రసీదు కనిపించింది. పంపినవారి చోట తన పేరు, అందుకునేవారి చోట నా కంపెనీ పేరు. పంపిన వస్తువు ల్యాప్‌టాప్. తేదీ మేము బయల్దేరిన రోజుది.

ల్యాప్‌టాప్ వెనక్కి పంపడానికి ఖాళీ పెట్టె పంపిస్తామని కంపెనీవాళ్లు అన్నారు. ఎన్నాళ్లు చూసినా రాకపోయేసరికి మర్చిపోయారనుకున్నాను. వచ్చిందన్నమాట. నేను బేస్‌మెంట్‌లో కూర్చుని ఉంటే పైన తలుపు తీసి అందుకున్నది తను. బయల్దేరే రోజు నేను స్నానం చేస్తుండగా కిందికి వెళ్లి ల్యాప్‌టాప్ అందులో సర్దేసి ఉంటుంది. పైగా నాచేతే డ్రైవ్ చేయించి పంపించేసింది. రసీదు ఎలా ఉన్నదో అలాగే పెట్టేశాను. ప్లాస్టర్ కూడా తీసుకోలేదు. తీసుకుంటే కవరు తెరిచినట్టు తెలిసిపోతుంది.

ఆరో రోజు అడుగడుక్కీ మడమ మండింది. ముందు కోపమొచ్చింది, అంతా తెలిసి గొర్రెల మీద జోకులేస్తుందా అని. అది ఎంతోసేపు నిలవలేదు. తను ముందు నడుస్తూ ప్రతి గుంజ దగ్గరా ఆగి, నేను వచ్చేదాకా చూసి మళ్లీ కదిలేది. ఇక నేను చెప్పకపోయినా ఇబ్బంది లేదు. ల్యాప్‌టాప్ చేరాల్సిన చోటికి చేరింది. ఇంటికెళ్లాక తనే ఏదో ఒకటి సర్దేస్తుంది. అలా వదిలేస్తే మాత్రం ఈ మనిషి పక్కన మళ్లీ నిటారుగా కూర్చోలేననిపించింది.

దారి ఒక చిన్న ఊళ్లో ముగిసింది. ఆఖరి గుంజ పక్కన బెంచీ ఉంటే కూర్చున్నాం. తను వంగి బూట్ల లేసులు విప్పుకుంటోంది.

"నా ఉద్యోగం పోయింది" అన్నాను.

తన చేతులు ఆగాయి. నా వైపు తిరిగి, ఇప్పుడే వింటున్నట్టు, "ఎప్పుడండీ?" అంది.

సోమవారం పొద్దుటి కాల్ నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. మధ్యలో అడ్డురాకుండా వింది. పార్సెల్ సంగతి తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"అయితే ఇన్నాళ్లూ కింద ఒక్కరే కూర్చున్నారా?" అంది.

అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోలేకపోయాను. తను జిప్‌లాక్ కవరు తీసి, లోపలున్నవి నాకు కనపడకుండా అటు తిప్పుకుని, ఒక ప్లాస్టర్ పైకి లాగింది.

"ఆ కాలు ఇటు పెట్టండి" అంది.