కోడి బొమ్మ పరీక్ష

సీమోను తాతకు కళ్ళు కనబడవనీ, ఎక్కినవాళ్ళ కళ్ళు అరువు తీసుకుని ఆటో నడుపుతాడనీ మంథనిలో ఒక పుకారు. అది పుట్టడంలో తప్పంతా ఆయనదే. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, రోడ్డు అవతలి కోళ్ళ దుకాణం బోర్డు చదివితే తప్ప ఎవరినీ తన ఆటో ఎక్కనివ్వడు.

"నాకు సదువు రాదు సీమోనన్నా," అని బుచ్చవ్వ ఒకనాడు మొరపెట్టుకుంది.

"బొమ్మ చెప్పు."

"కోడి. పక్కన గుడ్డు. ఇగ నడువు, ఇంటికాడ బర్రె ఒర్రుతుంటది."

"పాసైనవ్. ఎక్కు."

ఈ పిచ్చి ఆయనకు రెండేళ్ళ కింద పట్టింది. అప్పట్లో రోడ్డు పక్క గడ్డివామును ఎడ్లబండి అనుకుని, "జరుగు! జరుగు!" అంటూ పావుగంట హారన్ కొట్టాడు. గడ్డివాము జరగలేదు. పెద్దపల్లిలో కంటి పొర తీయించుకుని వచ్చాక, లోకంలో అందరి కళ్ళ మీదా అనుమానం మొదలైంది.

"కండ్లు మెల్లమెల్లగ పోతే మనకే తెల్వది. గడ్డివాము చెప్పాలె," అనేవాడు.

నేను బడి మానేసి టైలరు దుకాణంలో హుక్కులు, కాజాలు కుడతాను. రోజూ ఆయన ఆటోలోనే ఇంటికి పోయేదాన్ని. ముందువాళ్ళు చెప్పింది విని నేనూ మెల్లగా "కోడి, గుడ్డు" అనేదాన్ని.

పుకారు ముదిరింది. ఒక సాయంత్రం ఆటో స్టాండు పెద్ద పరశురాములు వచ్చి చేయి చాపాడు.

"తాతా, చాబీ ఇయ్యి. నీకు కనబడ్తలేదని ఊరంత అంటున్నరు. మనుషుల పానాలతోని ఆటలా? ఏం మంజులా, రోజు నీతోని బోర్డు సదివిస్తడా లేదా?"

"సదివిస్తడు," అన్నాను. నాకు అబద్ధం రాదు. తాత బతుకుదెరువు నా నోటి వల్లే పోతుందని భయమేసింది.

తాత నింపాదిగా, "అయితే గిప్పుడు సదువు బిడ్డా," అన్నాడు.

"కోడి, గుడ్డు."

స్టాండంతా గొల్లుమంది. దుకాణం చేతులు మారి, ఆ పొద్దున్నే చేప బొమ్మ ఎక్కిందట.

తాత ఒక్కడే నవ్వలేదు. "తాజా చేపలు. ఆదివారం రొయ్యలు. కింద మూలకు, పెయింటర్ ముత్యం," అని చదివి, ఆర్నెల్లకోసారి చేయించుకునే కంటి పరీక్ష కాగితం జేబులోంచి తీశాడు. పరశురాములు నమ్మక, రోడ్డు దాటి పోయి చూసొచ్చాడు. ముత్యమే.

"ఈడికెల్లి సదవలేకపోయినవా? ఏదీ, నీ బండి చాబీ ఇటియ్యి," అన్నాడు తాత.

మర్నాడు, "నాకు చెకప్పున్నది, తోడు రా బిడ్డా," అని నన్ను పెద్దపల్లి తీసుకుపోయాడు. అక్కడ కంటి ఆసుపత్రి కుర్చీలో కూర్చోబెట్టింది నన్ను.

"బడెందుకు ఇడిసిపెట్టినవ్?" అని తాత మెల్లగా అడిగాడు.

"సారు బోర్డు మీద రాసేది కనబడకపోయేది తాతా. చెప్పనీకి సిగ్గు. మొద్దు అన్నరు."

తాత నన్ను అద్దాల దుకాణానికి తీసుకుపోయాడు. "గట్టి ఫ్రేము ఇయ్యి, సదువుకునే పిల్ల," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ప్రతి బోర్డూ, లారీల వెనక రాతలూ పైకి చదువుతూనే ఉన్నాను.

"ఇగ సాలు బిడ్డా! నీ కండ్లు బాగైనయ్ గని, నా చెవులు పోతున్నయ్!"

ఈ ఏడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టాను. నిజానికి పుకారు మరీ అబద్ధమేం కాదు. ఆ ఆటోలో కళ్ళు కనబడని మనిషి ఒకరు రోజూ ఉండేవారు. వెనక సీట్లో, ఎడమ పక్కన. నేను.