చెయ్యి తగలనిచోట అరిగిన వయొలిన్

వయొలిన్ మాస్టారు పోయారన్న కబురు నాకు మిరప కల్లంలో తెలిసింది. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాను. పక్క కల్లం ఆవిడ గట్టు మీద నిలబడి, "పెద్దమ్మా, మాస్టారు పొద్దున పోయారంట. కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉన్నారంట" అంది. ఏ మాస్టారని అడిగాను, తెలిసి కూడా. ఆమె ఇంకెవరి మాటో చెబుతుందేమోనని ఒక పిచ్చి ఆశ.

చదివేవాళ్లలో ఆయన్ని ఎరగనివాళ్లుంటారు. ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్లో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చిలో పాటలకు వయొలిన్ వాయించేవారు, సాయంత్రాలు వరండాలో పిల్లలకు నేర్పేవారు. బడి మానినా చొక్కా జేబులో సుద్దముక్క మానలేదు. తీగలు బిగించే బిరడాలు జారిపోతుంటే వాటికి ఆ సుద్ద రాసి తిప్పితే పట్టు నిలిచేది. సుద్దముక్కతో పోయే జబ్బుకి గుంటూరు షాపులవాళ్లు కొత్త వయొలినే కొనిపిస్తారని ఆయన అంటే నేను నమ్మలేదు. మనుషులు అంత సిగ్గు లేకుండా ఉంటారా అనుకున్నాను. ఉంటారు. శుభ్రంగా ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ఉంటారు.

ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో ఆయన వల్లే తెలిసింది. నేర్పే మాస్టారు పిల్లల్ని షాపుకు పంపాలి. షాపువాడు చెప్పిన ధరకు వాళ్లు కొనాలి. అందులో మాస్టారికి వాటా వస్తుంది. ఏడాది తిరిగేసరికి "నీ వాయింపుకు ఇది చాలదమ్మా" అని మాస్టారే పిల్లతో అనాలి, మళ్లీ పంపాలి. ఈ బేరంతో ఒకాయన మా మాస్టారి వరండాకే వచ్చాడు. మాస్టారు ఆయనకు మజ్జిగ ఇప్పించి, "బాబూ, పిల్లకు చెయ్యి పెరిగితే వయొలిన్ మార్చాలి. నీకు పొట్ట పెరిగితే కాదు" అన్నారు. మజ్జిగ తాగడం అయ్యేదాకా ఆగి అన్నారు. అదీ ఆయన మర్యాద.

నా మనవరాలు ఆయన దగ్గరే నేర్చుకునేది. ఆ పిల్ల చేతికి పెద్ద వయొలిన్ కావలసిన ఏడు నాకు నిద్ర లేదు. మంచిది దొరుకుతుందో లేదో, దొరికినా బస్సులో విరుగుతుందేమో, విరక్కపోతే ఎవరి కన్నయినా పడుతుందేమో. మాస్టారు "తొందరేం లేదు అక్కయ్య గారూ, నేను చూసి పెడతాను" అన్నారు. చూడటానికి నెల పడుతుందన్నారు. నాకు అన్నాళ్లు ఆగే గుండె లేదు.

ఆ నెలలోనే ఇంకొకాయన ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు కారు ఆపాడు. గుంటూరులో వయొలిన్ల షాపు అట. ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు, మేమూ కళ్లు మూసుకున్నాం. తర్వాత పాత పెట్టె తెరిచాడు.

"అమ్మా, మిషను ఆస్పత్రి దొరసాని గారు వాయించిన వయొలిన్ ఇది. వందేళ్లది. డబ్బున్నోళ్లు అడిగితే ఇవ్వలేదమ్మా. విశ్వాసి ఇంటికే చేరాలని నా పట్టు."

మా అమ్మ ఆ దొరసాని దగ్గర వంటచేసింది. జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే దొరసాని తన దుప్పటి తెచ్చి కప్పిందని చచ్చేదాకా చెప్పుకుంది. ఈ కథ మా ఊళ్లో టీకొట్టు దగ్గర నిలబడి ఎవర్నడిగినా చెబుతారు. ఆయన అడిగే ఉంటాడు. నేను మాత్రం దేవుడే పంపాడనుకున్నాను. వయొలిన్ పొట్టలో పాత కాగితం అంటించి ఉంది, ఇంగ్లీషు అక్షరాలు. ఇంగ్లీషు నాకు రాదు, కాబట్టి అది నిజమే అనుకున్నాను. ఆ ఏటి మిరపకాయల డబ్బు సగం ఆయన చేతిలో పోసి, వయొలిన్ని కళ్లకద్దుకుని ఇంటికి తెచ్చాను.

సాయంత్రం మాస్టారికి చూపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"చెప్పండి మాస్టారూ, ఎలా ఉంది?"

"అక్కయ్య గారూ, వాయించేవాళ్ల ఎడమచెయ్యి ఎక్కడ పడుతుందో చూడండి. ఈ మెడ దగ్గర. ఇక్కడ రంగు కొత్తగా ఉంది. ఎవరి చెయ్యీ తగలని ఈ మూల చూడండి, అరిగిపోయింది. కావాలని గీకారు. కర్ర ముదురురంగు కూడా టీ డికాషనో, అలాంటిదే ఇంకేదో."

"అంటే దొరసానిది కాదా?"

"దొరసానిదీ కాదు, దొరదీ కాదు. ఫ్యాక్టరీది. నిరుటిది."

నిజం అంత మెత్తగా చెప్పిన మనిషి మీద నాకు అంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. మా అమ్మకు కప్పిన దుప్పటిని ఆయన లాగేసినట్టు అనిపించింది. బుధవారం చర్చిలో స్త్రీల ప్రార్థన కూడికలో నా నోరు ఊరుకోలేదు. "షాపాయన వాటా ఇవ్వలేదని మాస్టారు బంగారంలాంటి వస్తువుకు వంక పెడుతున్నారు" అన్నాను. ఆ వాటా సంగతి నాకు నేర్పింది ఆయనే. ఆయన చెప్పిన మాటతోనే ఆయన్ని పొడిచాను. ఆడవాళ్లు ఇళ్లకు వెళ్లి మగవాళ్లతో అన్నారు. వరండాలో తొమ్మిదిమంది ఉండే పిల్లలు ముగ్గురయ్యారు. ఆయన కారణం అడగలేదు. అడిగితే చెప్పలేక చచ్చేదాన్ని.

ఏడాదిలోపే అద్దంకి దగ్గర మా చుట్టాల గృహప్రవేశానికి వెళ్లాను. ప్రార్థనలో వాళ్లబ్బాయి వయొలిన్ తీశాడు. ఆ ఇంటావిడ నా చెవిలో, "ఇది మామూలుది కాదొదినా, మిషను ఆస్పత్రి దొరసానిది" అంది. చేతిలోకి తీసుకుని చూశాను. అదే కాగితం, అదే మూల అదే అరుగుదల. దొరసాని మా ప్రాంతానికి మందులివ్వడానికి వచ్చిందా, వయొలిన్లు మేపడానికి వచ్చిందా అనుకున్నాను. నవ్వు రాలేదు.

తిరిగొచ్చి మాస్టారి వరండా ఎక్కాను. "మీరన్నదే నిజం" అన్నాను. ఇంకా చాలా అనాలి, అంతటితో ఆపేశాను. 'నేను చెప్పానుగా' అని ఆయన అనలేదు. "ఆ వయొలిన్ ఇలా పంపించండి. అబద్ధమాడింది వాడు, కర్ర కాదు" అన్నారు. రెండు రోజులు కూర్చుని తీగల కింది బ్రిడ్జి చెక్కి సరిచేశారు, తీగలు మార్చారు. ఇవాళ నా మనవరాలు దాని మీదే వాయిస్తోంది, బాగానే పలుకుతోంది. కూలి తీసుకోలేదు.

కానీ కూడికలో నేనన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. వచ్చే బుధవారం చెబుదామనుకునేదాన్ని. చెబితే నన్నేమంటారో, నా మనవరాల్ని ఎలా చూస్తారో అని భయం. అలా నాలుగేళ్ల బుధవారాలు పోయాయి. ఈసారి మాస్టారు పోయారు.

సమాధి చేసిన మూడో రోజు వాళ్ల వరండాలో చర్చి సంఘంవాళ్లం పదిమందిమి కూర్చున్నాం. కారు ఆగింది. నాకు వయొలిన్ అమ్మిన షాపాయనే, ఇస్త్రీ చొక్కా, చేతిలో అరటిపళ్లు. నన్ను గుర్తుపట్టలేదు. ఎంతమందిని ముంచాడో, మొహాలు గుర్తుపెట్టుకోవడం కష్టమే. మాస్టారి భార్య ముందు తల వంచి, "మాస్టారు మాకు తండ్రి లాంటివారమ్మా. ఆయన వయొలిన్ ఒక్కసారి చూసి కళ్లకద్దుకుంటాను" అన్నాడు. ఆమె తెచ్చి ఇచ్చింది. కళ్లకు అద్దుకోలేదు. వేలితో తట్టాడు, పెదవి విరిచాడు.

"లోపల పురుగు పట్టేసిందమ్మా. వాయించడానికి పనికిరాదు. ఇంట్లో ఉంటే తలుపులకూ పాకుతుంది. మీ మీద గౌరవం కొద్దీ నేనే తీసుకెళతాను, ఎంతో కొంత ఇస్తాను."

ఆమె ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి. "సరే బాబూ" అంటోంది. నిజంగా పురుగు ఉందేమో, నాకేం తెలుసు, నలుగురిలో పరువు పోతుందేమో. అయినా నోరు లేచింది.

"పురుగు పట్టిన కట్టె కోసం గుంటూరు నుంచి కారేసుకొచ్చావా అయ్యా?"

"పెద్దావిడా, ఇది టెక్నికల్. మీకు అర్థం కాదు."

"మిరపకాయలు అర్థమవుతాయిలే. నా దగ్గర కొనేవాడు తాలంటాడు. సాయంత్రానికి అవే కాయలు మేలురకం. వయొలిన్ అక్కడ పెట్టు. మా దొరసానికి ఇంకా ఎన్ని వయొలిన్లు మిగిలాయో చెప్పి వెళ్లు. నాకొకటి అమ్మావు, అద్దంకిలో ఒకటి అమ్మావు."

ఆయన మంచం మీద వయొలిన్ పెట్టాడు. నేను ఆయన్ని వదిలేసి మావాళ్ల వైపు తిరిగాను. "మాస్టారు ఎవరి దగ్గరా వాటా అడగలేదు. ఆ మాట నేను పుట్టించాను. మీ పిల్లల్ని మానిపించింది నేను" అన్నాను.

మూలనున్న ముసలాయన ఒకరు, "నాలుగేళ్లు పట్టిందా అక్కా నీకు, ఈ ముక్క అనడానికి? ఆయన వినేటప్పుడు అనలేకపోయావా?" అన్నారు.

"అనలేకపోయాను" అన్నాను.

ఈ సందట్లో షాపాయన జారుకున్నాడు. అరటిపళ్లు మాత్రం మరిచిపోలేదు, పట్టుకుపోయాడు. ఇది అచ్చయితే నా మీద కేసు పెడతాడేమోనని మా అబ్బాయి అంటున్నాడు. నాకూ భయంగానే ఉంది. అయినా రాయమన్నాను.

అందరూ వెళ్లాక మాస్టారి భార్య నా మొహం చూడలేదు. చూడకపోవడమే న్యాయం. వయొలిన్ని ఒళ్లోకి తీసుకుని కొంగుతో తుడవబోయి ఆగింది. తీగల కింద కర్ర మీద, కమానుకు రుద్దే గుగ్గిలం పొడి సన్నగా రాలి ఉంది. ఆఖరిసారి వాయించినప్పుడు రాలింది. ఆమె లేచి ఫ్యాను కట్టేసింది. బయట ఎండ మండిపోతోంది. చెమటలు కారుతుంటే ఇద్దరం ఆ పొడి ఎగరకుండా, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ కూర్చున్నాం.