అత్తమ్మను ఏడిపించిన పొయ్యి

పెళ్లయిన ఇన్నేళ్లలో మా అత్తమ్మ కళ్లలో నేను ఒక్కసారే నీళ్లు తెప్పించాను. పనిలో పనిగా వీధి మొత్తానికీ తెప్పించాను. నా పక్కింట్లో ఉండే వాళ్ల అదృష్టం ఎలాంటిదో మీరే వినండి.

అప్పుడు నేను కాటారంలో ఉన్నాను. నా భార్య సునీత కాన్పుకు పెద్దవంగరలోని పుట్టింటికి వెళ్లింది. పాపకు మూడో నెల వచ్చినా నేను ఫోన్‌లోనే ముఖం చూస్తూ, అది ఆవులిస్తే నేనూ ఆవులిస్తూ కాలం గడుపుతున్నాను. ఇక తీసుకొస్తానంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. చలికాలం వస్తోందని, అడవి అంచున ఉన్న ఊళ్లో పసిపిల్ల తట్టుకోలేదని ఆమె భయం. హీటర్ కొన్నానని గొప్పగా చెప్పాను.

"కరెంటు పోతే ఎట్ల అల్లుడా?" అంది.

మా వీధిలో కరెంటు కొత్త పెళ్లికొడుకు లాంటిది, ఎప్పుడు అలుగుతుందో దానికే తెలియదు.

కరెంటు పోయినా ఇల్లు వెచ్చగా ఉండాలని, ఫోన్‌లో మంచు దేశాల వీడియోలు చూసి, వెల్డింగ్ షాపులో ఒక ఇనుప పొయ్యి చేయించాను. దాన్ని పడకగది మూలన పెట్టి, పొగ గొట్టాన్ని సామాన్లు పెట్టే సజ్జ పక్కనుంచి పైకి ఎక్కించి, వెంటిలేటర్‌లోంచి బయటికి వదిలాను. వెలిగించి చూస్తే గదిలోకి కాస్తైనా పొగ రాలేదు. రైలింజను నడిపినంత గర్వం కలిగింది.

అత్తమ్మ స్వయంగా చూసిపోతానని వచ్చింది. వస్తూ తమ చేలో పండిన ఎండుమిరపకాయలు ఒక సంచి నిండా తెచ్చి, తేమ తగలకుండా వెచ్చటి చోట పెట్టమంది. మా ఇంట్లో గొట్టం పక్కన సజ్జకంటే వెచ్చటి చోటు ఎక్కడుంది? అక్కడే పెట్టాను.

సాయంత్రం పొయ్యి వెలిగించాను. అత్తమ్మ గోడ తాకి చూసింది, పరుపు మీద అరచెయ్యి పెట్టి చూసింది. మంచిగనే చేసినవంది. ఆ సంతోషంలో ఇంకో రెండు కట్టెలు తోశాను. కాసేపటికి ఆమె తుమ్మింది. పాపం చలి పట్టిందనుకుని మరో కట్టె తోశాను. ఆమె దగ్గింది. నేనూ దగ్గాను. తల ఎత్తి చూసేసరికి సంచి గొట్టానికి ఆనుకుని నల్లగా మాడుతోంది.

దాన్ని లాగి వాకిట్లో పడేసి నీళ్లు కుమ్మరించేలోపే, ఆ ఘాటు వెంటిలేటర్ దారిన ఊరేగింపు వెళ్లింది. ఇళ్లన్నీ ఖాళీ అయ్యాయి. పక్కింటి రాజవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఎవలకు దిష్టి తీస్తున్నవ్ కొడుకా, గిన్ని మిరపకాయలతోని?"

ఘాటు పోయేదాకా ఎవరూ లోపలికి వెళ్లలేకపోయారు. నా కట్టెలతోనే వీధిలో మంట వేసుకుని అందరం చుట్టూ కూర్చున్నాం. అత్తమ్మ కళ్లు తుడుచుకుంటోంది. ఇక ఎండాకాలం దాకా పాప రాదని నాకు అర్థమైపోయింది. పాపను ఎత్తుకోవాలనే ఇదంతా చేశానని ఏదో గొణిగాను. మిరప ఘాటు తగ్గినా నా కళ్లలో నీళ్లు తగ్గలేదు.

ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది.

"పొయ్యి మంచిగనే ఉన్నది బిడ్డా, నువ్వే జర ఆగమాగం ఉన్నవ్. తల్లీపిల్లలను తోలుకొస్త. చలి పొయ్యేదాక నేను గూడ ఈడనే ఉంట."

ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదలు.

చెప్పినట్టే వాళ్లను తీసుకొచ్చింది. నేను అప్పటిదాకా మిరప మసి పట్టిన సజ్జ కడుగుతున్నవాణ్ని అలాగే పరుగెత్తుకొచ్చాను. ఇకమీదట నా చేత్తో ఏ పొయ్యీ బిగించనని పాప తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయబోయాను. అత్తమ్మ నా చెయ్యి గాల్లోనే పట్టుకుంది.

"ముందుగాల సబ్బుతోని కడుక్కో బిడ్డా."

కడుక్కుని వచ్చే ఒట్టు వేశాను.