టీచరమ్మ సమాధి రాయి మీద రాయాల్సిన మాట

మా బోయిగూడ గల్లీలోని టీచరమ్మ పోయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆమె యాత్రలూ, నవలలూ చదివినవాళ్లు మీరు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. ఆమె పక్కిల్లు నాది. ప్రయాణాలకు తోడు వెళ్లింది కూడా నేనే.

రైలెక్కితే ఆమె కిటికీలోంచి చూసేది కాదు. ఎదురుగా కూర్చున్న ఆడమనిషిని, "మూటలో ఏం పెట్టుకున్నావమ్మా?" అని అడిగేది. నేను సిగ్గుతో గిచ్చేదాన్ని. "ఊళ్లో ఏం జరుగుతోందో మూట చూస్తే తెలుస్తుందక్కా" అనేది.

పోలీసు చర్యకు ముందు రోజుల్లో, రజాకార్ల భయంతో జనం బెజవాడ పోదామని సికింద్రాబాద్ స్టేషన్లో పడ్డారు. అందరూ తలుపులు బిగించుకుంటుంటే ఈమె చెప్పులేసుకుంది. నేనూ వెంటపడ్డాను.

"టీచరమ్మా, పరేషాన్ జేయకు. ఇంటికి పా. ఎవడన్న జూస్తే?"

"నువ్వు భయపడుతూ ఉండక్కా, నేను అడిగి వస్తా."

స్టేషన్లో ఒక ముసలమ్మ మూటలో రోకలి ఉంది. "ఇల్లు గాలబెడుతరంటే చేతికి గదే దొరికింది బిడ్డా" అంది. టీచరమ్మ ఆమె పక్కన చతికిలబడి, రైలొచ్చేదాకా లేవలేదు. బూటు చప్పుడైనప్పుడల్లా నేను చచ్చి బతికాను. ఆఖరి నవలలో ఆ రోకలి ఉందట.

ఇప్పుడు ఆమె తమ్ముడు కోస్తా నుంచి వచ్చి సమాధి రాయి పురమాయించాడు. తండ్రి పేరు, ఆమె పేరు, అంతే. యాత్రల సంగతీ, పుస్తకాల సంగతీ రాయించమన్నాను.

"ఆడది దేశాలు తిరిగిందని రాయిస్తే మా పిల్లలకు సంబంధాలెలా వస్తాయి మామ్మగారూ?" అన్నాడు.

"ఆ దేశాలకెల్లి నీ పిల్లలకు బొమ్మలు దెచ్చినప్పుడు సంబంధాలు యాదికి రాలేదా నాయనా?" అన్నాను.

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. చెక్కాక చెరపలేరు. చెక్కింది నేను చదవలేను. అందుకే ఇవాళ మనవరాలిని వెంటబెట్టుకుని రాళ్లు చెక్కేచోటికి వచ్చాను. రాయి మీద సుద్దతో అక్షరాలు గీసి ఉన్నాయి. చెక్కే అతను ఉలి తీయగానే వెళ్లి ఆ రాయి మీద కూర్చున్నాను.

"అవ్వా, లెవ్వరాదే! నాకు పనున్నది."

"నాకు సుత పనే. యాత్రలు చేసింది, పుస్తకాలు రాసింది అని గీయి, లేస్తా."

"రాయి జెప్పిన సార్ చెప్పాలె గద!"

"పిలుచుకరా పో."

పోయాడు. ఈ మాటలు ఆ రాయి మీద కూర్చునే చెబుతున్నాను. ఆమెను చదివినవాళ్లు ఒక్కరైనా వచ్చి నా పక్కన నిలబడండి. రాయి చల్లగా ఉంది. కింద సుద్ద నా చీరకు అంటుకుంటున్నట్టుంది. ఆమె పేరే చెరిగిపోతోందేమో. కదలకుండా కూర్చున్నాను.