పార్ట్‌నర్ టీషర్టు

సర్జాపుర రోడ్డులో లేస్తున్న అపార్ట్‌మెంట్లకు సెంట్రింగ్ కాంట్రాక్టరు చౌడప్ప. స్లాబు పోయడానికి కింద బిగించిన ప్రతి పలకనూ వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వింటాడు. అపార్ట్‌మెంట్లు కట్టే కంపెనీ బెళ్ళందూరు హోటల్లో కాంట్రాక్టర్లందరికీ భోజనం పెట్టి, "ఇకనుంచి మనమంతా పార్ట్‌నర్లం" అంటూ పంచిన పచ్చ టీషర్టును ఉతుక్కుని మరీ రోజూ తొడుక్కొస్తాడు.

మొన్న స్లాబు కుంగింది. పలకల కింద ఆనించడానికి కంపెనీ చవగ్గా దొరికాయని కొన్న ఇనుప జాకీలు వంగిపోయాయి. అదే పచ్చ టీషర్టులో వచ్చిన మేనేజరు అందరి ముందూ, "తప్పంతా సెంట్రింగ్ వాళ్లదే" అనేశాడు.

"జాకీలు కొనింది మీరు గదా సార్? వద్దని నేను మొత్తుకోలేదా?"

"నోరు మూసుకుని పని చూడు."

చౌడప్ప మొహం జేవురించింది. టీషర్టు విప్పి, పలకలకు కాంక్రీటు అంటకుండా పూసే నూనెలో ముంచాడు. "పార్ట్‌నరు పనికొచ్చేది దీనికే సార్" అంటూ పలకను రుద్దసాగాడు.