గరిటక్క చెయ్యి

మా నర్సింగ్ హాస్టల్లో వంట చేసే ఆవిడను పిల్లలందరూ గరిటక్క అంటారు. చేతిలో గరిట లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే, ఏ పాపమూ ఎరగకపోయినా భుజాలు తడుముకునే మనిషి. నేను అక్కడ స్టోర్‌కీపర్ని, పప్పూ ఉప్పూ తూచి ఇచ్చేవాణ్ణి.

ఏటా కొత్త పిల్లలు దిగిన మూడో రోజుకల్లా విరేచనాలు మొదలయ్యేవి. బాత్‌రూముల ముందు బకెట్లు బారులు తీరేవి. పాతవాళ్ళు మాత్రం నిక్షేపంగా ఉండేవాళ్ళు. "హాస్టల్ తిండి, అలవాటు పడాలి" అని నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను, దాచడమెందుకు? గరిటక్క ఆ పది రోజులూ కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది.

ఈ ఏడు కొత్త వార్డెన్ వచ్చింది. బకెట్ల వరస చూసి నేరుగా వంటింట్లోకి నడిచింది.

"నెలాఖరుకి ఇంకో వంటమనిషిని చూసుకుంటాను" అంది.

పందొమ్మిదేళ్ళ ఉద్యోగం. గరిటక్క కడిగిన గిన్నే మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నాకు ఒళ్ళు మండింది గానీ తల వంచుకుని పప్పు తూస్తూ ఉండిపోయాను.

రెండ్రోజులు పోయాక గరిటక్కే స్టోర్‌కి వచ్చింది.

"తమ్ముడూ, ఆ పొడుగు జడ పిల్ల కొత్తదే కదా? రెండేసిసార్లు వడ్డించుకుంటుంది. దానికేం కాలేదు."

"రాళ్ళు తిని అరాయించుకునే వయసక్కా."

"మిగతావాళ్ళదీ అదే వయసు. ఇది మన బోరు నీళ్ళు చేదని ముట్టదు. పిన్నిగారింటి నుంచి డబ్బాతో తెచ్చుకుంటుంది."

నాకప్పుడు బుర్ర వెలిగింది. సీసాడు బోరు నీళ్ళు ల్యాబులో ఇచ్చాను. ఫలితం వచ్చిన రోజు ఇద్దరం కలిసే వెళ్ళాం.

"సల్ఫేటు బాగా ఎక్కువుంది" అన్నాడు ల్యాబాయన.

"విషమా బాబూ?"

"కాదమ్మా. పప్పూ గుడ్డూ తింటే మన ఒళ్ళే దాన్ని తయారు చేసుకుంటుంది. కీళ్ళలో మెత్తటి ఎముకకి అది కావాలి. జ్వరం మాత్ర పని అయ్యాక దాన్ని బయటికి పంపడానికీ కావాలి. కానీ నీళ్ళలో మరీ ఎక్కువైతే పేగు దాన్నంతా పీల్చుకోలేదు. మిగిలింది నీళ్ళని పేగులోకి లాగుతుంది. రోజూ తాగేవాళ్ళకి అలవాటైపోతుంది, కొత్తవాళ్ళు పరుగులు పెడతారు."

"మరి వంటలో?"

"అన్నంతో వెళ్ళేది కొంచెమేనమ్మా. మీ వంటలో ఏ దోషమూ లేదు."

గరిటక్క అదే మాట మళ్ళీ అడిగింది. ఆయన విసుక్కోకుండా మళ్ళీ చెప్పాడు.

వార్డెన్ ల్యాబు కాగితం రెండుసార్లు చదివింది. తాగడానికి వేరే నీళ్ళు తెప్పించింది. "మీరే ఉండండి, నేనే తొందరపడ్డాను" అంది. గుండెల మీంచి బండ దిగినట్టయింది, గరిటక్కకే కాదు, నాకు కూడా.

ఆ సాయంత్రమే ఆమె ఆదివారానికి సెలవు అడిగింది.

"కూతురింటికి తమ్ముడూ. వెళ్తూనే ఉంటాగానీ అక్కడ పొయ్యి ముట్టను. నా చెయ్యి ఎవరికీ పడదనుకున్నా. మనవడికి ఆరేళ్ళొచ్చాయి, ఇంతవరకూ అమ్మమ్మ చేతి ముద్ద ఎరగడు."