ఎనిమిదో నెల ఆకలి

మాదాపూర్‌లో బండరాళ్లు పగలగొట్టి కంప్యూటర్ కంపెనీలకు మేడలు కడుతున్న రోజులవి. లింగంపల్లిలో బస్సెక్కిన ఒక గర్భిణి నా పక్కన కూర్చుంది. ఎనిమిదో నెలట. పాదాలు వాచి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి. నేను పెరుగన్నం డబ్బా మూత తీయగానే ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"వాంతి వస్తోందా?" అన్నాను.

"లేదమ్మా, ఆకలైతుంది. మస్తుగ తింటే బిడ్డ పెద్దగై కాన్పు కష్టమైతదని మా అత్తమ్మ సగం బువ్వే పెడ్తది. దవాఖానల డాక్టరమ్మనేమో బిడ్డ బరువు పెరుగుతలేదంటది."

నాకు ఒళ్లు మండింది. "బిడ్డ ఒళ్లు చేసేదే ఈ రెండు నెలల్లో. ఆ మాట మీ అత్తకు చెప్పడానికి నీకు నోరు లేదా?"

ఆమె తాపీగా నా వైపు తిరిగింది. "మీకుండెనా అమ్మా, మీ కాన్పులప్పుడు?"

కండక్టర్లను సైతం వాదించి ఓడించే మనిషిని నేను. బీయస్సీ చదివి కూడా, మా అమ్మ అదే మాటంటే నోరు మూసుకుని ఆఖరి రెండు నెలలూ అర్ధాకలితో ఉన్నాను. మా పెద్దమ్మాయి రెండు కిలోలైనా లేకుండా పుట్టింది.

"లేదు," అని డబ్బా ఆమె చేతిలో పెట్టాను.

లోపల బిడ్డ తన్నినట్టుంది, ఒక చెయ్యి కడుపు మీద ఆనించుకుని, మెతుకు మిగల్చకుండా తింది.

"ఇగ నేను చెప్త," అంటూ ఖాళీ డబ్బా తిరిగిచ్చింది.

కొత్తగూడలో దిగి తిన్నగా అరటిపళ్ల బండి దగ్గరికి నడిచింది. బస్సు కదిలేసరికి అక్కడే నిలబడి రెండో పండు వలుస్తోంది.